పుట్టి, దోనె, తెప్ప: తెలుగు నీళ్లలో చిన్న పడవ చరిత్ర

పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లి, పైన నీరు చొరని తొడుగు వేసిన గుండ్రటి పడవ. దానికి ముందూ వెనకా లేవు, చుక్కాని లేదు, తెరచాప లేదు. ఒక మనిషి, ఒక తెడ్డు ఉంటే నడుస్తుంది. కృష్ణా, తుంగభద్రల వెంబడి, తెలంగాణ చెరువుల్లో చేపలు పట్టేవారి చేతుల్లో అది ఈనాటికీ పనిచేస్తోంది. గోదావరి మీద ఆ పని దోనె చేసింది, సముద్రం ఒడ్డున తెప్ప చేసింది. గడిచిన రెండు వందల ఏళ్లలో వీటి పక్కకు పొగపడవలు, లాంచీలు, మరబోట్లు, ట్రాలర్లు, చివరకు హుస్సేన్ సాగర్ మీద జెట్ స్కీలు వచ్చి చేరాయి. వాటిలో కొన్ని నిలదొక్కుకున్నాయి, కొన్ని పూర్తిగా కనుమరుగయ్యాయి. పుట్టి, దోనె, తెప్ప మాత్రం తయారీ సరుకును మార్చుకుంటూ బతికాయి. వాడే మనిషే వీటిని తయారు చేసుకోగలడు, మోసుకుపోగలడు, చిల్లు పడితే అక్కడే కూర్చుని బాగు చేసుకోగలడు. చిన్న పడవ నిలిచిందంటే ముఖ్యంగా అందుకే.

పుట్టి తయారీకి పెద్ద కార్ఖానా అక్కర్లేదు. పచ్చి వెదురును నిలువునా చీల్చి బద్దలు తీస్తారు. చదును నేల మీద వాటిని అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా పరిచి నడిమి భాగం అల్లుతారు. అల్లిక కదలకుండా మధ్యలో రాళ్లు పెట్టి, చివరలను పైకి వంచుతూ గోడలు లేపుతారు. అంచు చుట్టూ బద్దలను దట్టంగా మెలివేసి కట్టడంతో బలం వస్తుంది. పాతకాలంలో పైన ఎద్దు తోలో, గేదె తోలో కప్పేవారు. తరువాత తోలు స్థానంలోకి గోనెపట్టా, దాని మీద తారు పూత వచ్చాయి. ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్ పట్టాలు, ఎరువుల సంచులు విప్పి కుట్టిన గుడ్డ వాడుతున్నారు. ఒకరిద్దరు వేటగాళ్లు ఎక్కే పుట్టి రెండు మీటర్ల అడ్డుకొలతకు అటూ ఇటూగా ఉంటుంది. రేవు దాటించే పుట్టి అంతకన్నా చాలా పెద్దది. వేటగాడు అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును ముందుకు చాచి నీటిని తన వైపు లాక్కుంటాడు. పక్కన తెడ్డు వేస్తే పుట్టి ఉన్నచోటనే తిరుగుతుంది. ఆ తిరుగుడును అదుపులో పెట్టడమే అందులోని విద్య.

దక్కన్ నదుల తీరు చూస్తే ఈ ఆకారం ఎందుకు కుదిరిందో తెలుస్తుంది. కృష్ణ, తుంగభద్ర, భీమ నదులు బండరాళ్ల మీదుగా పారతాయి. వేసవిలో మడుగులుగా విడిపోతాయి, వానకాలంలో ఒక్క రాత్రిలో నిండుగా వస్తాయి. దూలం ఉన్న చెక్క పడవ ఇలాంటి నదిలో రాతికి తగిలితే పగులుతుంది, ఇసుక మేట వస్తే ఆగిపోతుంది. పుట్టి జానెడు నీటిలోనూ తేలుతుంది. రాయి తగిలితే వెదురు వంగి మళ్లీ సర్దుకుంటుంది. నీరు లేని చోట వేటగాడు దాన్ని వీపున వేసుకుని తరువాతి మడుగు దాకా నడిచిపోతాడు. లోపాలూ ఉన్నాయి. గాలి పెరిగితే పక్కకు కొట్టుకుపోతుంది, ఎదురు ప్రవాహంలో ముందుకు సాగదు, మోతకు మించి జనాన్ని ఎక్కిస్తే అంచు మీదుగా నీరు లోపలికి వస్తుంది. పుట్టి ప్రమాదాలకు అల్లిక కన్నా ఎక్కువగా రేవుల్లోని ఆ అతి బరువే కారణమవుతూ వచ్చింది.

దీని వయసు చాలా పెద్దది. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోను నదిలో తోలు కప్పిన గుండ్రటి పడవలను వర్ణించాడు. బ్రిటన్‌లో, ముఖ్యంగా వేల్స్ నదుల్లో ఇలాంటివే ఉన్నాయి. దక్కన్‌కు సంబంధించి కళ్లారా చూసి రాసిన మంచి సాక్ష్యం పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్‌ది. కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన ఆయన, ఆనెగొంది దగ్గర జనం తుంగభద్రను బుట్టల్లాంటి గుండ్రటి పడవల్లో దాటుతున్నారని రాశాడు. లోపల బద్దల అల్లిక, బయట తోలు, ఒక్కోదానిలో పదిహేను ఇరవై మంది. అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా ఎక్కిస్తారని, పడవ ఎప్పుడూ గుండ్రంగా తిరుగుతూనే పోతుందని ఆయన గమనించాడు. ఆ కాలపు ప్రపంచ మహానగరాల్లో ఒకటిగా పేరున్న చోట, ప్రధాన నది రేవును నడిపింది వెదురు, తోలు. 17వ శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే కూడా దక్కన్‌లో తోలు కప్పిన ఈ పడవల ప్రస్తావన చేశాడు. 1803లో మరాఠాల మీదికి దండెత్తిన బ్రిటిష్ సేనాని ఆర్థర్ వెల్లెస్లీ, ఉప్పొంగిన నదులను సైన్యం దాటడానికి పుట్టీలను తయారు చేయించాడు. ఫిరంగులు, బళ్లు, ఎద్దులు ఉన్న సైన్యం నది ఒడ్డుకు చేరి, స్థానికుల బుట్ట పడవ మీద ఆధారపడిన సందర్భం అది.

సముద్రతీరంలో మరో పద్ధతి నడిచింది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ ఉంది. క్రీస్తుశకం 1వ శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం ‘పెరిప్లస్’ తూర్పు తీరంలోని మసాలియా ప్రాంతపు సన్న బట్టను మెచ్చుకుంది, ఈ తీరాల్లో దుంగలను జతచేసి కట్టే ‘సంగర’ పడవలను కూడా పేర్కొంది. అంటే ఓడలకు కొదవ లేదు. అయితే ఓడ ఒడ్డుకు రాలేదు. మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో అక్కడ కోఠీలు పెట్టారు. వారి ఓడలు దూరంగా లోతు నీటిలో లంగరు వేసి ఉండేవి, సరుకు, మనుషులు ఒడ్డుకు చేరాలంటే చిన్న పడవ తప్పనిసరి. అలలు విరిగే చోట మేకులు కొట్టిన చెక్క పడవ నేలను గుద్దుకుని విచ్చిపోయేది. అందుకే కోరమాండల్ తీరంలో పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి చేసిన పడవలు వాడేవారు. కుట్టు సందుల వల్ల అవి దెబ్బకు కొంత వంగేవి. యూరపు కంపెనీల కోట్ల విలువైన వ్యాపారం శతాబ్దాల పాటు ఆఖరి మైలు ఈ కుట్టు పడవల మీదే నడిచింది.

చిన్న పడవకూ పెద్ద నావకూ తెలుగునాట నేరుగా పోటీ పడిన చోటు ఎగువ గోదావరి. ఈ కథ ఎక్కువగా చెప్పుకోరు. 1847 నుంచి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు నీటి రవాణా మీద గట్టి నమ్మకం. రైలు కన్నా కాలువ చవక అని జీవితాంతం వాదించాడు. డెల్టాలో ఆయన తవ్వించిన కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, పడవలకు దారి ఇచ్చాయి. ఆ తరువాతి ఆలోచన ఇంకా పెద్దది. గోదావరిని, దాని ఉపనదులను పైదాకా పడవ దారిగా మార్చి, బీరారు, నాగపురం ప్రాంతాల పత్తిని నేరుగా సముద్రానికి దించాలన్నది. అమెరికా అంతర్యుద్ధం వల్ల మాంచెస్టర్ మిల్లులకు పత్తి కరవైన 1860లలో ఈ పథకానికి లండన్‌లోనూ మద్దతు పెరిగింది.

దీని కోసం సరిహద్దులే మారాయి. 1860 ఒప్పందంతో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు ప్రాంతాలను బ్రిటిష్ వారికి ఇచ్చాడు, నది మీద సరుకులకు సుంకాలు ఎత్తేశారు. భద్రాచలం తాలూకా హైదరాబాదు రాజ్యం నుంచి విడిపోయింది అప్పుడే. నదికి అడ్డంగా మూడు చోట్ల రాతి మెట్టలు, సుడులు ఉన్నాయి. మొదటి అడ్డంకిని దాటడానికి దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పక్కన కాలువ, లాకులు కట్టారు. పై అడ్డంకుల దగ్గరా పనులు మొదలయ్యాయి. లోతు తక్కువ నీటిలో నడిచేలా పొగపడవలు తెప్పించారు. ఇంజనీరు హేగ్ ఏళ్ల తరబడి జ్వరాల అడవుల్లో ఈ పని మీద ఉన్నాడు. కానీ గోదావరి వేసవిలో ఇసుక తిన్నెల మధ్య పాయలై పోతుంది. పొగపడవకు కావలసిన లోతు ఏడాదిలో కొద్ది నెలలే దొరికేది. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపురానికి చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో ప్రభుత్వం పథకాన్ని మధ్యలోనే వదిలేసింది.

ఆ వైఫల్యానికి కాటన్ దూరదృష్టిని తప్పుపట్టడం సరికాదు. డెల్టాలో ఆయన లెక్క నిజమైంది. ధవళేశ్వరం కాలువల మీద దశాబ్దాల పాటు ధాన్యం, కొబ్బరి, కలప, మనుషులు పడవల్లోనే కదిలారు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ, ఎదురు నీటికి గట్టు వెంట నడుస్తూ తాడు లాగే మనుషులు. తేడా ఎక్కడంటే, డెల్టా కాలువలో నీటిమట్టం మనిషి చేతిలో ఉంది, ఎగువ గోదావరిలో లేదు. నీటిమట్టం నదిదే అయిన చోట నదికి తగ్గట్టు ఉన్న పడవే నడిచింది. పొగపడవలు పోయాక కూడా దుమ్ముగూడెం, పాపికొండల మధ్య దోనెలు, అడుగు చదునైన చిన్న పడవలు, వెదురు, టేకు దుంగలు జతకట్టి రాజమండ్రికి దించే తెప్పలు ఎప్పటిలాగే తిరిగాయి.

ఆ కొండల్లోని దోనెల లోకం పుస్తకాల్లోకి ఎక్కడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయంతో సంబంధమున్న ఒక పండితుడు కారణం. 1918లో ప్రారంభమైన ఆ విశ్వవిద్యాలయం తరువాత నగరానికి తూర్పున అడిక్‌మెట్ గుట్టల మీద, తార్నాకను ఆనుకున్న విశాలమైన ప్రాంగణంలో స్థిరపడింది. ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. సరిగ్గా ఆ ఏడాదే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాలో పుట్టి జర్మన్ పాస్‌పోర్టు మీద ఉన్న మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ శత్రుదేశీయుడిగా లెక్కకు వచ్చి, హైదరాబాదు రాజ్యంలోనే ఉండిపోవలసి వచ్చింది. నిజాం ప్రభుత్వం ఆయనను గిరిజనుల అధ్యయనానికి వినియోగించుకుంది. చెంచుల మీద ఆయన పుస్తకం 1943లో, గోదావరి కొండల్లోని కొండరెడ్ల మీద రాసిన ‘ద రెడ్డీస్ ఆఫ్ ద బైసన్ హిల్స్’ 1945లో వెలువడ్డాయి. ఆయన గిరిజన వ్యవహారాల సలహాదారుగా, ఉస్మానియాలో మానవశాస్త్ర ఆచార్యుడిగా కూడా పనిచేశారు.

పాపికొండల దగ్గర గోదావరి రెండు వైపులా నిటారు కొండల మధ్య ఇరుకుగా, లోతుగా పోతుంది. ఒడ్డున దారి లేదు. కొండరెడ్ల ఊళ్లకు నదే దారి. పక్క ఊరి పెళ్లికైనా, సంతకైనా, చింతపండు, వెదురు అమ్ముకోవడానికైనా ఒకే దుంగను తొలిచిన దోనె ఎక్కవలసిందే. కొండ మీది చెట్టు, గొడ్డలి, బాడిస, కొన్నాళ్ల చాకిరి, దోనెకు పెట్టుబడి అంతే. కలప వ్యాపారులూ, వెదురు కాంట్రాక్టర్లూ కొండరెడ్లను అప్పుల్లో ముంచిన తీరును హైమెన్‌డార్ఫ్ వివరంగా నమోదు చేశారు. నదిలో దించే సరుకు పరాయిదైనా నది దాటే సాధనం మాత్రం సొంతం. ఒక కుటుంబం చేతిలో తన రాకపోకలు తనకే ఉండడం ఎంత విలువైనదో అప్పు వివరాల పక్కన పెట్టి చూస్తే అర్థమవుతుంది.

గోదావరి, కృష్ణల దిగువన, కొల్లేరు చుట్టుపక్కల దోనెకు తాటిచెట్టు ఆధారం. తాటిమానును నిలువునా చీల్చి లోపలి మెత్తటి దూటను తోడేస్తే తొట్టిలాంటి పడవ వస్తుంది. లావుగా ఉన్న మొదలు భాగం ముక్కుగా ఉంటుంది. తెరిచి ఉన్న రెండో కొసను పలకతోనో, మట్టితోనో మూసేస్తారు. కొన్నేళ్లకే పాడవుతుంది, అయితే ఊళ్లో తాటిచెట్లకు కొరతేమిటి? రెండు దోనెలను పక్కపక్కన పెట్టి అడ్డకర్రలతో బిగిస్తే సంగడి తయారవుతుంది. బరువులు మోయడానికి, పశువులను దాటించడానికి అది పనికొస్తుంది. మద్రాసు రాజధానిలో చేపల శాఖను నడిపిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల ఆకారాల మీద రాసిన గ్రంథంలో ఈ తీరపు పడవలను శ్రద్ధగా వర్ణించాడు. వాటిని వెనకబాటుతనంగా కాక, వేల ఏళ్ల అనుభవం దిద్దిన పనిముట్లుగా చూసిన తొలి అధికారుల్లో ఆయన ఒకడు.

రైలు వచ్చి కాలువ పడవను, పెద్ద నావను ముందుగా దెబ్బతీసింది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో, అక్కడి నుంచి బెజవాడకు 1889లో రైలు మార్గం పడింది. 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హావ్‌లాక్ వంతెన తెరుచుకున్నాక మద్రాసు, కలకత్తాల మధ్య నదిని పంటు మీద దాటే అవసరం తీరింది. తరువాత లారీలు వచ్చి కాలువల సరుకునూ ఎత్తుకుపోయాయి. ఈ పోటీ దూర ప్రయాణపు పడవలతోనే జరిగింది. చెరువులో వల వేసే మనిషికి రైలు ఏ రకంగానూ ప్రత్యామ్నాయం కాదు కాబట్టి పుట్టి జోలికి అది పోలేదు.

తీరంలోని తెప్పకు ఎదురైన పోటీ వేరు. తెప్ప అంటే తేలికైన కర్ర దుంగలను చెక్కి, పక్కపక్కన చేర్చి కట్టిన పడవ. లోపల బోలు లేదు కనుక మునగదు, నీరు తోడే పని లేదు. అలల మీద తిరగబడితే ఎత్తి మళ్లీ ఎక్కుతారు. దాని ఇబ్బంది ఏమిటంటే, దుంగలు నీరు పీల్చి బరువెక్కుతాయి. అందుకే వేట నుంచి రాగానే కట్లు విప్పి, భాగాలుగా విడదీసి ఇసుకలో ఆరబెడతారు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా వాడబలిజల, జాలరుల, పల్లెకారుల, పట్టపువారి జీవితం ఈ ఆరబెట్టడం, మళ్లీ కట్టడం చుట్టూ తిరిగింది. హార్బరు లేని ఊరు కూడా తెప్ప ఉంటే వేట ఊరే.

1970లలో విశాఖపట్నంలో చేపల హార్బరు వచ్చింది. ఆ దశాబ్దంలోను, తరువాతి దశాబ్దంలోను రొయ్యల ఎగుమతి మీద ఆశతో పెద్ద ట్రాలర్లు, వాటి వెనక ‘సోనా’ బోట్లు బారులు తీరాయి. డాలర్లు కురిసిన కాలం కొంత నడిచింది. ట్రాలరుకు డీజిలు కావాలి, మంచు కావాలి, జెట్టీ కావాలి, బ్యాంకు అప్పు తీరేంత రొయ్య కావాలి. సముద్రంలో రొయ్య తగ్గి, నూనె ధర పెరిగేసరికి పెద్ద ట్రాలర్ల వ్యాపారం నిలువలేకపోయింది. అదే కాలంలో తెప్పకు కూడా కష్టం వచ్చింది. అడవులు తరిగి దుంగల ధర పెరిగింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ ఒడ్డు మీదికి నేరుగా లాగే కొత్త పడవల నమూనాలను తీర ప్రాంతాల్లో పరీక్షించింది. ఆ ప్రయోగాల మీదుగా, మత్స్యకారుల సొంత ప్రయత్నాల మీదుగా ఫైబర్ తెప్ప, దాని వెనక చిన్న మర వాడుకలోకి వచ్చాయి. తెప్ప మారింది, అంటే చెక్క పోయి ఫైబర్ వచ్చింది. కానీ ఒడ్డున ఇసుక మీదికి లాక్కోగలిగే కొలత మారలేదు. నలుగురైదుగురి పని, ఒక రాత్రి వేట అన్న లెక్కా మారలేదు.

ప్రభుత్వ నిబంధనలు కూడా ఈ తేడాను గుర్తించాయి. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం తరువాత తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా నీటిని సంప్రదాయ పడవలకు కేటాయించారు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం ఉంటుంది. ఇంజన్ లేని సంప్రదాయ పడవలకు ఆ నిషేధం వర్తించదు. తెడ్డుతో, గాలితో నడిచే పడవ సముద్రానికి చేసే నష్టం స్వల్పమని దాని వెనక ఉన్న అవగాహన. ఆచరణలో 8 కిలోమీటర్ల గీత దాటి వచ్చే మరబోట్లతో తగవులు తీరంలో తరచూ జరుగుతూనే ఉన్నాయి.

20వ శతాబ్దపు పెద్ద ఆనకట్టలు పుట్టికి కొత్త నీరు ఇచ్చాయి. నాగార్జునసాగర్ పనులు 1955లో మొదలయ్యాయి, ఆ జలాశయం కింద నాగార్జునకొండ లోయ మునిగింది. తరువాత శ్రీశైలం జలాశయం నిండింది. ఊళ్ల మధ్య ఉన్న దారులు నీటి కింద పడ్డాయి. పర్యాటకులను కొండ మీది మ్యూజియానికి తీసుకుపోయే లాంచీలు ఒక రేవు నుంచి మరో రేవుకే తిరుగుతాయి. మునిగిన ఊళ్ల మధ్య మూలమూలల్లో చేపల వేటకు పుట్టి వచ్చింది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన మత్స్యకార కుటుంబాలు ఈ జలాశయాల ఒడ్డున గుడిసెలు వేసుకుని, సముద్రపు తెప్ప వదిలి నది పుట్టి నేర్చుకున్నాయి. పడవ మారినా నేర్పు మారని మనుషులు వీరు.

హైదరాబాదు నగరం స్వయంగా చెరువుల నగరం. 1560ల ఆరంభంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్ సాగర్ ఏర్పడింది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత విశ్వేశ్వరయ్య సలహాల మీద ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఉస్మానియా ప్రాంగణపు గుట్టల చుట్టూ కూడా నీరు ఎక్కువే. ఉత్తరాన నాచారం చెరువు, తూర్పున రామంతాపూర్ చెరువులు, ఉప్పల్ నల్ల చెరువు, దక్షిణాన అంబర్‌పేట మీదుగా మూసీ. ఇవన్నీ ఒకప్పుడు సాగునీటి గొలుసులో భాగాలు. ఆయకట్టు పోయి కాలనీలు లేచాక కూడా ముదిరాజులు, గంగపుత్రులు సహకార సంఘాలుగా ఏర్పడి నగర పరిసర చెరువుల్లో చేపల హక్కులు నిలుపుకుంటూ వచ్చారు. వీరి పుట్టిలోనూ మార్పు వచ్చింది. వెదురు దొరకని నగరంలో థర్మాకోల్ పలకలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెప్పలా చేసుకోవడం, లారీ ట్యూబు మీద కూర్చుని వల వేయడం మామూలైంది. థర్మాకోల్ తెప్ప చవక, తేలిక, తేలుతుంది. అల్లిన పుట్టికి ఉండే అంచు దానికి ఉండదు, కాలు వలలో చిక్కితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. చవకతనం కోసం రక్షణ వదులుకున్న ఈ మార్పు మంచిది కాదు. తేలికగా ఉంటూనే అంచున్న ఫైబర్ పుట్టీలు నగర సంఘాలకు అందితే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

పెద్ద పడవ మీద అతి నమ్మకం హుస్సేన్ సాగర్‌లోనే ఒక విషాదానికి దారితీసింది. రాయగిరి రాతిలో గణపతి స్థపతి బృందం చెక్కిన ఏకశిలా బుద్ధ విగ్రహం వందల టన్నుల బరువు. 1990 మార్చి 10న దాన్ని బార్జి మీద సాగరం మధ్యనున్న వేదికకు తీసుకుపోతుండగా బార్జి ఒరిగి విగ్రహం నీటిలో పడింది, కొందరు ప్రాణాలు కోల్పోయారు. 1992 డిసెంబరు 1న విగ్రహాన్ని పైకి తీసి నిలిపారు.

ఆ సాగరంలోనే చిన్న పడవకు మరో జీవితం ఉంది, అది ఆటది. సికింద్రాబాదు కంటోన్మెంటులోని సైనిక విభాగాలు తెరచాప పడవల పోటీలను ప్రోత్సహించాయి. ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్ ఏటా నిర్వహించే హైదరాబాద్ సెయిలింగ్ వీక్ దేశంలో పేరున్న పోటీ. సముద్రానికి ఇంత దూరంలో ఉన్న నగరం జాతీయ స్థాయి నావికులను తయారు చేసిందంటే వారు వాడిన పడవలు చిన్నవి కావడమే కారణం. వాటిలో ఒకటైన లేజర్ అనే ఒంటిమనిషి నావను కెనడా వాసి బ్రూస్ కర్బీ గీశాడు. 4.23 మీటర్ల పొడవు, ఒక తెరచాప, ఒక మనిషి. 1971లో అమెరికాలో 695 డాలర్లకు అమ్మకానికి వచ్చింది, 1996 నుంచి ఒలింపిక్ క్రీడల్లో ఉంది. అందరి పడవా ఒకటే కొలత కావడంతో గెలుపు డబ్బు మీద కాక నేర్పు మీద ఆధారపడుతుంది.

పిల్లల పడవ ఆప్టిమిస్ట్ కథ ఇంకా బాగుంటుంది. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లియర్‌వాటర్ ఊరి పిల్లల కోసం యాభై డాలర్ల లోపు ఖర్చుతో ప్లైవుడ్ పలకలతో చేసుకోగల పడవ కావాలని అడిగితే క్లార్క్ మిల్స్ దాన్ని గీశాడు. 2.3 మీటర్ల పొడవు, పలక ముక్కు, నాలుగు మూలల తెరచాప. మందపాటి ముక్కును చూసి మొదట్లో నవ్వినవారు ఉంటారేమో, ప్రపంచమంతటా పిల్లలు తెరచాప నేర్చేది ఇప్పుడు దాని మీదే. 2009లో ఏర్పడిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ బస్తీల నుంచి, ప్రభుత్వ గురుకులాల నుంచి వచ్చిన పిల్లలకు ఈ పడవల మీద శిక్షణ ఇస్తూ జాతీయ పోటీలకు పంపుతోంది. పడవ అంటే శ్రీమంతుల ఆట అన్న భావన ఆ పిల్లల పతకాలతో బలహీనపడింది.

చిన్నది, చవకైనదే జనానికి దగ్గరవుతుందన్న ఈ తీరు జెట్ స్కీ ప్రపంచ చరిత్రలోనూ కనిపిస్తుంది. కవాసాకీ 1970ల మొదట్లో అమ్మకానికి తెచ్చిన జెట్ స్కీ ఒక్కరు నిలబడి నడిపే చిన్న యంత్రం. తరువాతి దశాబ్దాల్లో కూర్చునే సీట్లు, ముగ్గురి మోత, భారీ ఇంజన్లు వచ్చి ధర బాగా పెరిగింది. 2014 మోడలుగా సీ డూ స్పార్క్ తేలికైన ప్లాస్టిక్ ఒంటితో, 5 వేల డాలర్ల లోపు ధరతో వచ్చి కొనేవారిని తిరిగి రప్పించింది. హుస్సేన్ సాగర్‌లో జెట్ స్కీ పర్యాటకుల సవారీ వరకే పరిమితం. పెట్రోలు ఖర్చు, మరమ్మతుల బరువు మన చెరువుల మీద దాన్ని సొంత వాహనం కానివ్వలేదు.

చిన్న పడవ విలువ తెలుగువారికి అత్యంత దుఃఖంతో తెలిసిన సంఘటన కచ్చులూరుది. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు 77 మందితో అప్పటి తూర్పుగోదావరి జిల్లా కచ్చులూరు దగ్గర మునిగింది. గోదావరి ఆ రోజు వరదలో ఉంది. ఒడ్డున ఉన్న గిరిజన గ్రామస్థులు తమ చిన్న పడవలతో సుడుల్లోకి పోయి 26 మందిని ఒడ్డుకు చేర్చారు. హైమెన్‌డార్ఫ్ వర్ణించిన నది భాగమే అది. తరువాత మునిగిన బోట్లను వెలికితీసే ధర్మాడి సత్యం బృందం తాళ్లు, లంగర్లతో, రేవు పనివారి పాత పద్ధతుల్లో రోజుల తరబడి ప్రయత్నించి అక్టోబరు 22న ఆ బోటును బయటికి లాగింది. హైదరాబాదులోనూ చిన్న పడవ విలువ కనిపించింది. 2020 అక్టోబరు వానలకు, ఘట్‌కేసర్‌లో ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడినప్పుడు, రామంతాపూర్, హబ్సిగూడ, నాచారం కాలనీలు నీట మునిగాయి. నగరంలో ముంపు వీధుల్లోకి చేరగలిగినవి మనుషులు మోసుకెళ్లే రబ్బరు పడవలే.

ఇంజన్ లేని చిన్న పడవలకు నౌకల చట్టంలో చోటు చాలా ఆలస్యంగా దొరికింది. 1917 నాటి బ్రిటిష్ కాలపు చట్టం ఆవిరి, ఇంజన్ పడవల మీదే దృష్టి పెట్టింది. పుట్టి, దోనె దాని లెక్కలో లేవు. దాని స్థానంలో వచ్చిన 2021 అంతర్గత నౌకల చట్టం ఇంజన్ లేని పడవలకు ప్రత్యేక అధ్యాయం కేటాయించి, వాటి నమోదు, రక్షణ ప్రమాణాల బాధ్యతను స్థానిక స్థాయికి అప్పగించింది. ఆ నమోదు ఊరి రేవుల్లో, నగర చెరువుల్లో అమలైతే పుట్టి మోత ఎంత, దానిలో ప్రాణరక్షక చొక్కా ఉందా లేదా అన్నది తొలిసారి ఒక రికార్డులో ఉంటుంది.